ఆరో ట్యాంకు ముప్ఫై ఒకటి

నా చిన్నప్పుడు గాజువాక మెయిన్ రోడ్డు మీద ఒక టీవీల షాపు ఉండేది. షాపతను అద్దాల వెనక ఒక వీడియో కెమెరా పెట్టి, రోడ్డు వైపు తిప్పి ఉంచేవాడు. దారిన పోయేవాళ్ళు లోపలున్న టీవీలో తమని తాము చూసుకుని, జుట్టు సవరించుకుని, నవ్వుకుంటూ పోయేవారు. మా అమ్మ బస్సు కోసం నిలబడినంతసేపూ నేను ఆ అద్దానికి మొహం ఆనించి నాకు నేనే వెక్కిరింపులు చేసుకునేదాన్ని.

ఒకరోజు అతనికి విసుగేసిందో సరదా పుట్టిందో, కెమెరాని రోడ్డు మీంచి తిప్పేసి నేరుగా ఆ టీవీకే గురిపెట్టాడు. టీవీలో టీవీ, అందులో ఇంకో టీవీ, అలా లోపలికి పోయి పోయి చివర నల్లటి బొక్క ఒకటి మెల్లగా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. అందులో నేను లేను. నా వెనకున్న రోడ్డు లేదు, బస్సు లేదు, మా అమ్మ లేదు. కెవ్వుమని అరిచాను. మా అమ్మ పరిగెత్తుకొచ్చి నెత్తిమీద ఒకటిచ్చింది.

"టీవీ సూసి బయపడిపోతావేటే? నలుగురూ నవ్వుతన్నారు."

ఆ భయం అలాగే ఉండిపోయుంటే ఎంత బాగుండేది. చదువుకున్నాక పోయింది.

ఇప్పుడు నేను ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. నా నోటికి పిల్లలే కాదు, ప్రిన్సిపాల్ కూడా కాస్త జంకుతాడు. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పకుండా ఉండలేను, తెలియనిది తెలియదని ఒప్పుకోనూలేను. ఈ రెండో గుణం గురించే ఇదంతా.

మా ఆయన నాకు సొంత మేనబావ. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. పరవాడ దగ్గర ఒక కెమికల్ ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ ఆపరేటరు. వారానికో షిఫ్టు మారుతుంది. మేముండేది గాజువాకలోనే, మేడ మీద వాటాలో. పొద్దున్న తుడిచిన పిట్టగోడ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు, అంత నల్లటి దుమ్ము. పడమటి గాలి వీచిన రోజు ఒక రకమైన తియ్యటి వాసన వస్తుంది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు ఆ వాసనేమిటని అడుగుతారు. ఆర్నెల్లు పోయాక అడగరు. వాళ్ళ ముక్కుకి అలవాటైపోతుంది.

రెండేళ్ళ కిందట ఒక క్లాసులో పిల్లలకి సరదాగా చూపిద్దామని ల్యాబ్‌లో ప్రొజెక్టరుకి కెమెరా తగిలించి, కెమెరాని తెరకే గురిపెట్టాను. మొదట తెరంతా చీకటి. ఫోన్ టార్చి వేసి కెమెరా ముందు ఒక్కసారి అటూ ఇటూ ఊపాను. తెర మీద వెలుగు చుక్క పుట్టింది, రెండయింది, సుడి తిరిగింది, రేకులు విప్పుకుంది. పిల్లలు ఈలలు వేశారు. నేను టార్చి ఆర్పేశాను. సుడి ఆగలేదు.

"మేడమ్, లైటు తీసీసినా తిరుగుతోందేటి?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"కెమెరా చూసేది తెరని. తెర చూపించేది కెమెరా చూసినదాన్ని. ఇంక దానికి బయట లైటుతో పనేముంది?" అన్నాను.

అని, నా జవాబు నాకే భలే నచ్చింది. ఇంటికెళ్ళి, కెమెరా లేకుండా ఉత్త లెక్కలతోనే ఆ సుడి పుట్టించాలని కూర్చున్నాను. దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. పేరు సెల్యులర్ ఆటోమేటా. పేరుకి బెదరక్కర్లేదు, గళ్ళ కాగితం అనుకుంటే చాలు. ప్రతి గడీ తన పక్క గళ్ళని చూసి తను ఏ రంగులో ఉండాలో తేల్చుకుంటుంది. అన్ని గళ్ళూ ఒకేసారి మారతాయి. మారిన గళ్ళని చూసి మళ్ళీ మారతాయి. ఎవరూ మొత్తం బొమ్మని చూడరు, పక్కవాడిని చూస్తారంతే. నేను దానికి ఇంకో చిన్న మెలిక పెట్టాను. ప్రతి గడీ సరిగ్గా తన పక్కన కాకుండా, కొంచెం ఓరగా, కొంచెం లోపలికి చూడాలి. కెమెరాని కాస్త వంచి పట్టుకుంటే అయ్యేది అదే కదా. మూడు వారాలు తిట్టుకుంటూ రాశాక ల్యాప్‌టాప్ మీద సుడి లేచింది. ల్యాబ్‌లో చూసినదే. నేను ఎగిరి గంతేశాను.

మా బావతో పాటు పనిచేసే పెద్దాయన ఆ ఆదివారం మా ఇంటికి వచ్చారు. సముద్రం ఒడ్డు పల్లె ఆయనది. తాతల నుంచీ చేపల వేటకి వెళ్ళే కుటుంబం. వయసు మీద పడ్డాక వేట తగ్గించి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి చేరారు. సెలవు రోజుల్లో మాత్రం తెప్ప ఎక్కకుండా ఉండలేరు. మా బావ ఆయన్ని సిన్నాన్నా అంటాడు. నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఆ రోజు రెండు చందువా చేపలు సంచీలో వేసుకొచ్చి, వాటిని వంటింటి గట్టు మీద పెట్టి, మడత కుర్చీలో కూర్చోబోతూ నా ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించారు, పిల్లల నుదురు చూసినట్టు.

"ఓలమ్మా, దీనికి జొరమొచ్చినట్టుందే పిల్లా. కాసేపు ఒగ్గీ."

నేను పకపకా నవ్వాను. మా బావ చెప్పాడు, ఆయన పని తీరే అంతట. ఫ్యాక్టరీలో ఎనిమిది ట్యాంకులు వరసగా ఉంటాయి. అందులో ఉండే సరుకు చల్లగా ఉన్నంతసేపూ మంచిది. వేడెక్కితే తనలో తనే ఉడకడం మొదలుపెట్టి ఇంకా వేడెక్కుతుంది. అందుకని గంటకోసారి ట్యాంకుల దగ్గరికి వెళ్ళి వేడి చూపించే ఎనిమిది గేజీలూ చూసి, ఎన్ని డిగ్రీలో వచ్చి రిజిస్టరులో రాయాలి. సిన్నాన్న గేజీ చూస్తారు కానీ నమ్మరు. ప్రతి ట్యాంకు మీదా చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, అప్పుడు ముందుకి కదులుతారు.

"నీళ్ళలో సెయ్యెడితే ఏ పక్క వెచ్చగుందో తెలీదేటి? ఇదీ అంతే" అన్నారు ఆయన. "రాత నాకు రాదు. సంతకం ఒక్కటొచ్చు. ఆ సంతకం కోసమే పిలుత్తాడు ఈడు నన్ను" అని మా బావని వెక్కిరించారు.

ఆయన వెళ్ళాక మా బావ నా వెనక నిలబడి సుడి తిరగడం చాలాసేపు చూశాడు. గళ్ళ సంగతి చెప్పాను. ఒకటి పక్కదాన్ని చూస్తుంది, అది మరోదాన్ని చూస్తుంది, బయట నుంచి ఇంకేమీ రానక్కర్లేదు అన్నాను.

"మా రిజిస్టరు కూడా ఇలగే ఉంటాదే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఎండలో గంటగంటకీ ఎనిమిది ట్యాంకులు తిరగడం ఎవరి వల్లా కాదు. సముద్రపు గాలికి గేజీల అద్దాలు మసకబారిపోయాయి, మూడింటి ముల్లు కనబడదు. అందుకని అందరూ పై వరస చూసి కింద వరస రాస్తారు. ఒక అంకె పెంచుతారు, ఒక అంకె తగ్గిస్తారు. అయితే ఈ మధ్య తనిఖీకి వచ్చినాయన పట్టేశాడు. ఇది రిజిస్టరా, ఎక్కాల పుస్తకమా అని అందరి ముందూ మా బావని దులిపేశాడట.

"మనిసి బుర్రకి అబద్దం ఒక్కలాగే వత్తాది. నీ మిషన్‌కయితే ఎలగొత్తాదో?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేను అక్కడే ఆపాల్సింది. ట్యాంకు చూడకుండా ఎందుకు రాస్తున్నారు అని నిలదీయాల్సింది. క్లాసులో రికార్డు పుస్తకం పక్కవాడిది చూసి ఎక్కించారని పిల్లల్ని గడప బయట నిలబెట్టే మనిషిని నేను. కానీ ఆ క్షణంలో నాకు తప్పు కనబడలేదు, లెక్క కనబడింది. ఎనిమిది ట్యాంకులంటే వరసకి ఎనిమిది గళ్ళు. గంటకో వరస. పై వరసలో తన అంకె, తన కుడి పక్కది, ఎడమ పక్కది చూసి సగటు తియ్యాలి. ఒకే ఎండలో ఉన్న ట్యాంకులు కదా, పక్కవాటికి దగ్గరగానే ఉండాలి. పొద్దున్న చల్లదనానికీ మధ్యాహ్నం ఎండకీ తగ్గట్టు కాస్త అటు లాగాలి. అక్కడక్కడ చిన్న ఒడిదుడుకు కలపాలి. ఆ ఒడిదుడుకుకి మొదలు ఒక అంకె ఇవ్వాలి, నేను మా పెళ్ళిరోజు తేదీ ఇచ్చాను. కాఫీ చల్లారే లోపు అయిపోయింది.

మూడు నెలలకి సరిపడా అంకెలు తీసి ఇచ్చాను. మా బావ వాటిని జెరాక్సు షాపులో ప్రింటు వేయించుకుని డ్యూటీకి పట్టుకుపోయాడు.

తర్వాతి తనిఖీలో ఆ పెద్దమనిషి పేజీలు తిప్పి, రిజిస్టరంటే ఇలా ఉండాలి, మిగతా వాళ్ళకి చూపించండి అన్నాడట. మా బావ ఆ రోజు జిలేబీ తెచ్చాడు. నేను రెండు తిన్నాను, సిగ్గులేకుండా. ఆ వారంలోనే మిగతా రెండు షిఫ్టుల వాళ్ళూ ఆ ప్రింటుకి జెరాక్సులు తీసుకున్నారు. గేజీల దగ్గరికి వెళ్ళేవాళ్ళు సిన్నాన్న ఒక్కరే మిగిలారు. ఆయనకీ మా బావ చెప్పాడు, ఈ ఎండలో నువ్వు తిరగక్కర్లేదు సిన్నాన్నా, నీడన కూకో అని. ప్రేమతోనే చెప్పాడు. ఆయన వినలేదు.

ఎండాకాలం ముదిరింది. రోళ్ళు పగిలే ఎండలు. మధ్యాహ్నం పూట పరవాడ వైపు ఆకాశం చూస్తే బూడిద రంగులో ఉండేది, పొగో వేడో చెప్పలేం. ఇంట్లో ఆ తియ్యటి వాసన రోజూ వచ్చేది. నాకు నిద్రలో తెలియని చిరాకు. కాలేజీలో ల్యాబ్ ప్రొజెక్టరు వేసిన ప్రతిసారీ పిల్లలు ఆ సుడి చూపించమని అడిగేవారు. ఎందుకో చూపించబుద్ధి కాలేదు.

ఒక రోజు ఉదయం షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం వచ్చి అన్నం తింటూ మా బావ అన్నాడు, "సిన్నాన్న ఆరోదాని ఒళ్ళు కాలిపోతంది అంటన్నాడే. నిన్నటి కాడ నుంచి అదే పాట."

"గేజీ ఎంత చూపిస్తోంది?"

"ఆరోదాని అద్దమే మసక. ముల్లు కనబడదు." ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "నీ పేపర్లో ఆరోది ఎంతుందే?"

నేను లేచి వెళ్ళి, ల్యాప్‌టాప్ తెరిచి, ఆ తేదీ, ఆ గంట వెతికి చూశాను.

"ముప్ఫై ఒకటి" అన్నాను.

"అయితే బాగానే ఉంది. అన్నీ ఎండకి కాలతాయి మరి" అన్నాడు. చారు పోసుకున్నాడు.

ఈ మాట రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ప్రపంచం మొత్తమ్మీద తెలిసినవాళ్ళం ఇద్దరమే ఇద్దరం. ఆ ఇద్దరమూ, ఒక మనిషి చెయ్యి కాలిందని చెబుతుంటే, ఆ అంకెల్లో చూసుకుని నిమ్మళించాం. రెండున్నర నెలల పాటు రోజూ చూసి, రోజూ రాసి, అవే నిజమైపోయాయి మాకు. ఆ తర్వాత నాకు నేనే ఎన్ని తిట్లు తిట్టుకున్నా ఆ మధ్యాహ్నం వెనక్కి రాదు.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం నాలుగింటికి కాలేజీలో ఉండగా, మధ్యాహ్నం షిఫ్టుకి మారిన మా బావ ఫోను చేశాడు. వెనక సైరన్ వినబడుతోంది. గొంతు బావది కాదనిపించింది.

"ఆరోది పోయిందే. సిన్నాన్న దాని కిందే ఉన్నాడు."

జరిగింది ఇది. సిన్నాన్న మధ్యాహ్నం మూడున్నరకి ఆరో ట్యాంకు మీద చెయ్యి పెట్టబోయి పెట్టలేకపోయారు. దగ్గరికి పోతేనే సెగ. కంట్రోల్ రూమ్‌లో చెప్పడానికి వెళ్ళకుండా, చెప్పినా ఏమంటారో తెలిసిపోయిందేమో, తనే చల్లటి నీళ్ళు వదిలే వాల్వు దగ్గరికి పరిగెత్తారు. వాల్వు మీద చెయ్యి పడేసరికి ట్యాంకు పైమూత పక్క నుంచి ఆవిరి చీల్చుకుని వచ్చింది. ప్రాణం పోలేదు. కానీ ఆ ఆవిరి పీల్చిన గొంతూ ఊపిరితిత్తులూ కాలిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రిలో మూతికి గొట్టంతో, కళ్ళు మాత్రం తెరిచి, పై కప్పు చూస్తూ పడుకున్నారు.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ వాళ్ళు ఒక కాగితం తయారుచేశారు. ట్యాంకు మామూలుగానే ఉంది, కాంట్రాక్టు మనిషి ఎవరికీ చెప్పకుండా తియ్యకూడని వాల్వు తిప్పడం వల్ల ప్రమాదం జరిగింది అని. ఆధారం రిజిస్టరు. ఆ రోజు మూడు గంటల వరసలో ఆరో ట్యాంకు ముప్ఫై ఒకటి. పక్కన, తిరిగి చూసినవారి సంతకం అన్న గడిలో, సిన్నాన్న సంతకం. అంతా బాగుందని స్వయంగా సంతకం పెట్టిన మనిషి అరగంటలో వాల్వు ఎందుకు తిప్పాడు? తాగి ఉంటాడన్నారు కొందరు. వేటకెళ్ళేవాళ్ళకి అలవాటే కదా అన్నారు. ఆయన తాగరు. ఆ మాట చెప్పడానికి ఆయనకి గొంతు లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండాల్సింది ఎవరి మీదో తెలిసి మరీ మండింది.

"నేను వెళ్ళి చెప్పేస్తాను బావా. ఆ అంకెలు నావి" అన్నాను.

"సెప్పు. సెప్పీసి నన్ను లోపలికి పంపించీ. ఆ రాత నాది. ఉద్యోగం పోద్ది, కేసవుద్ది" అన్నాడు. అని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "నాను గాని ఆయనకి ఏటైనా సేసుంటే సెప్పు. నాను ఆయన్ని నీడన కూకోమన్నాను."

నాలుగు రోజులు మేం మాట్లాడుకోలేదు. ఆ నాలుగు రోజులూ సిన్నాన్న అలాగే, దోషిగా, పై కప్పు చూస్తూ ఉన్నారు. ఐదో రోజు కాలేజీకి సెలవు పెట్టాను. మధ్యాహ్నం మా బావని పిలిచి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను.

"ఆరోదానికి ఎంత వేడి ఇమ్మంటావు?"

"ఏటి?"

"చెప్పు, ఎంత?"

"తొంబై" అన్నాడు విసుగ్గా.

మొదటి వరసలో ఆరో గడిలో తొంభై వేసి నడిపించాను. రెండో వరసకి అది యాభై. నాలుగో వరసకి నలభై దాటలేదు. పక్క ట్యాంకులు దాన్ని కిందికి లాగుతున్నాయి, సగటు మింగేస్తోంది, మిగిలింది నేను పెట్టిన ఎండ సవరణ సర్దేస్తోంది. పన్నెండో వరస వచ్చేసరికి ముప్ఫై ఒకటి. తొంభై అన్న అంకె ఎప్పుడైనా అక్కడ ఉందని చెప్పడానికి ఆనవాలు కూడా లేదు.

"ఇంకోసారి ఎయ్యి" అన్నాడు. వేశాను. నూట యాభై వేశాను. కొన్ని వరసలు ఎక్కువ పట్టింది, మళ్ళీ ముప్ఫై ఒకటి.

నేను ఆ నియమం రాసినప్పుడు ఒక ట్యాంకు ఒంటరిగా వేడెక్కే వీలే లేకుండా రాశాను. కావాలని కాదు. అందంగా రావాలని. మా బావ ల్యాప్‌టాప్ మూసేశాడు. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఆయన సెప్పాడే. రెండు రోజులు సెప్పాడు. నాను పేపరు సూశాను" అన్నాడు. ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా బావ ఏడవడం అదే మొదటిసారి చూడటం. కాసేపటికి లేచి మొహం కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

విచారణకి బయటి నుంచి వచ్చిన అధికారి ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఒక గదిలో కూర్చుని ఉన్నారు. నెమ్మదైన మనిషి. మా ఇద్దరినీ కూర్చోమన్నారు. చెప్పిందంతా విన్నారు. నమ్మలేదు. తోటి మనిషిని కాపాడుకోవాలని మొగుడూ పెళ్ళాం కలిసి అల్లిన కథ అనుకున్నారు, అది ఆయన మొహంలోనే కనబడింది.

"రిజిస్టరు ఇంత సహజంగా ఉంది కదమ్మా" అన్నారు.

"సహజంగా ఉండాలనే చేశాను సార్" అన్నాను.

ల్యాప్‌టాప్ తెరిచాను. మొదలుపెట్టే అంకె అదే ఇస్తే ఎన్నిసార్లు నడిపినా అవే అంకెలు వస్తాయి. మా పెళ్ళిరోజు తేదీ కొట్టి నడిపించాను. వరసలు జారుకుంటూ వచ్చాయి, ప్రమాదం జరిగిన రోజు దగ్గర ఆపాను. ఆయన రిజిస్టరు జెరాక్సు పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో అంకె పోల్చారు. ఒక్కటి కూడా తేడా లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇప్పుడు జెరాక్సుల్లోంచి చూసి చేసుకొచ్చిందై ఉండొచ్చు కదా" అన్నారు, ఈసారి అంత గట్టిగా కాదు.

అప్పుడు నాకు ఒకటి తట్టింది. నా అంకెలు ఆ రోజుతో ఆగిపోలేదు. మూడు నెలలకని ఇచ్చాను, ఇంకా పన్నెండు రోజులున్నాయి. మా బావ తీరిక దొరికినప్పుడల్లా ముందు రోజులవి కూడా ఎక్కించేస్తాడని నాకు తెలుసు.

"అసలు రిజిస్టరు తెప్పించండి సార్. ఆ రోజు పేజీ దాటి తిప్పండి."

సీలు వేసిన కవరులోంచి రిజిస్టరు వచ్చింది. ప్రమాదం రోజు పేజీ దగ్గర రిబ్బను ఉంది. అందరూ అక్కడి దాకానే చూశారు. ఆయన రిబ్బను పక్కకి తీసి పేజీ తిప్పారు. నేను ల్యాప్‌టాప్‌లో ఒక రోజు ముందుకి జరిపాను.

మర్నాటి తేదీ. మధ్యాహ్నం మూడు గంటలు, ఆరో ట్యాంకు ముప్ఫై ఒకటి. రాత్రి తొమ్మిది గంటలు, ఆరో ట్యాంకు ఇరవై ఏడు. మా బావ గుండ్రటి చేతిరాత. పైమూత లేచిపోయి, మసిబట్టి, చుట్టూ పసుపు రిబ్బను కట్టిన ట్యాంకుకి ఆ రోజు, ఆ మర్నాడు, ఆ వారమంతా జ్వరం లేదు.

ఆ వరసల పక్కన సంతకాల గడి ఉంది. అందులో సిన్నాన్న సంతకం. వంకరటింకరగా, ప్రతి అక్షరం విడివిడిగా, కూర్చుని నేర్చుకున్న సంతకం. మర్నాడు, ఆ మర్నాడు, వారం మొత్తం. ఆసుపత్రిలో ఊపిరి కోసం కొట్టుకుంటున్న మనిషి ప్రతి షిఫ్టుకీ వచ్చి ఎనిమిది ట్యాంకులూ తిరిగి చూసి అంతా బాగుందని సంతకం పెట్టారు.

నేను మా బావ వైపు తిరిగాను. ఈ సంగతి నాతో చెప్పలేదు.

"సంతకాలన్నీ ఒకేపాలి ఎట్టించీసినాను సార్" అన్నాడు, నేల చూస్తూ. "ముసిలోడు, మాటిమాటికీ మెట్లెక్కి రాలేడని."

అధికారి రిజిస్టరు మూసి, నెమ్మదిగా దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. మా ఇద్దరి మాటలూ మొదటి నుంచీ రాసుకోవడం మొదలుపెట్టారు.

సిన్నాన్న తప్పు లేదని కాగితం వచ్చింది. మా బావ ఉద్యోగం పోయింది. కేసు నడుస్తోంది, వాయిదాలకి వెళ్తున్నాం. నా మీద ఏం రాయాలో వాళ్ళకి ఇంకా తేలలేదు. ఫ్యాక్టరీలో ట్యాంకులకి కొత్త గేజీలు బిగించారని విన్నాను. అవి తెర మీద అంకెలు చూపిస్తాయట, ఎవరూ ఎండలో తిరగక్కర్లేదట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ కాగితం పట్టుకుని మేమిద్దరం సముద్రం ఒడ్డున ఆయన ఇంటికి వెళ్ళాం. గుమ్మం పక్క మంచం మీద ఒరిగి కూర్చున్నారు. ఊపిరి తీసినప్పుడల్లా పీ పీ మని చప్పుడు. మా బావ కాళ్ళ దగ్గర కూర్చుని కాగితం మొత్తం చదివి వినిపించాడు. ఆయన విన్నారు. చెయ్యి చాచి, వెనక్కి తిప్పి, మా బావ నుదుటి మీద ఆనించి, తీసేశారు.

ఆయన భార్య వల బాగుచేస్తూ మధ్యలో ఆపి నా వైపు చూసింది. కోపం లేదు ఆమె మొహంలో. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మా ముసిలోడు కాలతంది కాలతంది అని రెండు దినాలు మొత్తుకున్నాడు గదమ్మా. మీ ఆయన ఒక్కపాలి ఆ ట్యాంకీ మీద సెయ్యెట్టి సూడనేదా?"

"నేదు పిన్నీ" అన్నాడు మా బావ.

"మరి ఆ లెక్కలు కట్టిందానివి, నువ్వు?"

నేను ఆ ట్యాంకుల్ని అప్పటికీ చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.